మూడో పేజీ అడుగున

“నువ్వు లోనికి రా అన్నా. రావద్దనను. గానీ మాటాడకు” అంది మరిడమ్మ.

అనేసి, తడిసిన కొంగు పిండుకుంటూ వానకేసి తిరిగి కూర్చుంది. మండలాఫీసు వరండాలో బల్ల మీద ఇద్దరమే ఉన్నాం. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. విచారణ పదకొండింటికి. విశాఖ నుంచి వచ్చిన మేడం లోపల ఫైళ్ళు చూసుకుంటున్నారట, పేరు పెట్టి పిలుస్తారు, అంతవరకూ కదలకండి అని అటెండరు చెప్పిపోయాడు. నా ఒళ్ళో సంచి. సంచిలో పదకొండు పేజీలు, మూడు రోజులు కూర్చుని రాసినవి, ఇవాళ ఆ హాల్లో నిలబడి చదవడానికి రాసినవి. మాట్లాడకు అంటుంది ఈమె. పదేళ్ళుగా నాగులగెడ్డపేట పంచాయతీని నిలదీసి అడిగే మనిషి ఎవరంటే త్రినాధరావు అని ఊళ్ళో ఎవరైనా చెబుతారు. అర్జీల త్రినాధరావు. మాట్లాడకు అని నాకు చెప్పినవాళ్ళు ఇంతకుముందు లేకపోలేదు, కంట్రాక్టరు చెప్పాడు, ప్రెసిడెంటు బావమరిది చెప్పాడు, పేరు చెప్పని మనిషి ఒకడు ఫోనులో చెప్పాడు. వాళ్ళు అన్నప్పుడల్లా నా ఒంట్లోకి ఎక్కడలేని బలం వచ్చేది. ఈమె అంటే ఆ బలం రాలేదు. ఎందుకు మరిడమ్మా అని అడిగాను.

“నువ్వు మాటాడితే అందరూ నిన్నే సూత్తారన్నా. నా కోడల్ని ఎవులూ సూడరు.”

కోపంగా అనలేదు. బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినట్టు అంది. వాన వరండా అంచు దాటి లోపలికి కొడుతోంది, నా చెప్పులు తడుస్తున్నాయి, కాళ్ళు వెనక్కి తీసుకోవాలని తెలుస్తోంది గానీ తీసుకోవడం లేదు. రోడ్డుకు అవతల టీకొట్టు పరదా కింద అప్పలరమణ నిలబడి ఉన్నాడు. మరిడమ్మ కొడుకు. ఈశ్వరి మొగుడు. పరవాడ మందుల కంపెనీలో పని, ఇవాళ పొద్దుటి షిఫ్టు మానుకుని తల్లిని తీసుకొచ్చాడు, నేను ఈ బల్ల మీద ఉన్నానని చూసి రోడ్డు దాటలేదు. ఈశ్వరి పోయి ఇరవయ్యారు రోజులు. ఈ ఇరవయ్యారు రోజుల్లో అతను నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తిట్టుకు ఎదురుతిట్టు నాకు తెలుసు, ఎగతాళికి ఎగతాళి తెలుసు. పక్కింటి కుర్రాడు ఎదురుపడి, తల దించుకుని, గోడవారగా తప్పుకుని వెళ్ళిపోతే ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు.

నా గొంతు నాకు బెల్లం మార్కెట్లో దొరికింది. అంతకుముందు నేను నోట్లో నాలుక లేని మనిషినే. ఒక షావుకారు కొట్లో కాటా గుమస్తాగా చేరిన మూడో ఏడు, కొండకర్ల నుంచి సత్తియ్య అని ఒక ముసలి రైతు బండి మీద బెల్లం దిమ్మలు తెచ్చాడు. షావుకారు మనిషి కాటా పళ్ళెం కింద కాలి బొటనవేలు ఆనించి ఎత్తిపట్టాడు. అది నేను రోజూ చూసేదే, చూసి ఊరుకునేదే. ఆ రోజు ఆ ముసలాయన కూడా చూశాడు. దిమ్మలకేసి కాదు, ముల్లుకేసి కాదు, ఆ వేలికేసే చూస్తూ, చూస్తూ కూడా ఏమీ అనలేకుండా నిలబడ్డాడు. ఆ నిలబడ్డం చూసి నా లోపల ఏదో పుటుక్కున తెగింది. “కాలు తియ్యరా!” అని అరిచాను. మార్కెట్లో ఆ వరసంతా ఆగిపోయింది. కాలు తీశాడు. ముల్లు కదిలింది. కదిలిన ముల్లును నలభైమంది రైతులు చూశారు. షావుకారు సాయంత్రానికి నన్ను మాన్పించేశాడు, మర్నాడు పక్క కొట్టువాడు పిలిచి పెట్టుకున్నాడు, త్రినాధరావు కాటా దగ్గరైతేనే బండి దింపుతామని రైతులు అన్నారు మరి. ఒక్క అరుపు. ఆనాటినుంచీ లోకంలో జరిగే ప్రతి తప్పు వెనకా కాటా కింద ఒక కాలు ఉంటుందని, గట్టిగా అరిస్తే తీస్తారని నమ్మాను. ఆ నమ్మకం తప్పని ఇవాళ్టికీ అనను. కానీ ఆ రోజు నేను అరిచింది రెండే మాటలు. అందులో షావుకారు పుట్టుపూర్వోత్తరాలు లేవు, పోలికలు లేవు, ప్రాస లేదు. ఏ కాలు, ఎక్కడ ఉందో అందరికీ కనబడింది. ఈ సంగతి ఇప్పుడు తడుతోంది నాకు, ముప్పయ్యేళ్ళ తర్వాత, ఈ తడి బల్ల మీద.

మరిడమ్మ దగ్గింది. కొంగుతో నోరు తుడుచుకుంది. ఈమెకి కూడా కామెర్లు వచ్చి తగ్గాయి, కళ్ళలో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. నలభైమందికి పైగా వచ్చాయి మా వీధిలో, వెనక వీధిలో. అందరూ లేచి తిరుగుతున్నారు. ఒక్క ఈశ్వరి తప్ప.

మొదటి అర్జీ వీధి దీపాల గురించి. మా ఊరు అనకాపల్లిని ఆనుకుని ఉంటుంది, పట్నమూ కాదు పల్లే కాదు, పన్నులు పట్నంలాగా, చీకటి పల్లెలాగా. మార్కెట్లో పని మానేశాక ఊరికే కూర్చోలేక రాశాను, మా ఊరి వీధి దీపాలు అమావాస్య మీది గౌరవం కొద్దీ పౌర్ణమినాడు కూడా వెలగడం లేదు అని. పేపరు విలేకరి ఆ వాక్యాన్ని పేరుతో సహా వేశాడు. వారం తిరక్కుండా దీపాలు వెలిగాయి. టీకొట్టు దగ్గర జనం ఆ వాక్యాన్ని ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. దీపాలు ఆ వాక్యం వల్ల వెలిగాయో, పేపర్లో పడ్డందువల్ల వెలిగాయో, అసలు కొత్త బల్బులు అప్పుడే వచ్చాయో నేను కనుక్కోలేదు. వాక్యమే వెలిగించిందనుకున్నాను. రెండో అర్జీకి ముందు వాక్యం ఆలోచించాను, తర్వాత తప్పు వెతికాను. ఇలా ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ అంతే జరిగింది. సమాచార హక్కు చట్టం వచ్చాక కాగితాలు కూడా చేతికి దొరికాయి, ఇంక నాకు పట్టపగ్గాలు లేవు. గ్రామసభ రోజున జనం నా కోసం వచ్చేవారు. నేను లేవగానే వెనక ఈలలు. కార్యదర్శి సింహాచలాన్ని చూసి, అయ్యా, తమరి కుర్చీకి వేళ్ళు దిగి చిగుళ్ళు కూడా వేస్తున్నాయి, కాస్త లేస్తే మాలాంటివాళ్ళం దానికి నీళ్ళు పోస్తాం అనేవాణ్ణి. విరగబడి నవ్వేవారు. ప్రెసిడెంటు కూడా నవ్వేవాడు. ఆయన నవ్వు చూసి, ఓడిపోయాడనుకునేవాణ్ణి. నేను కూర్చున్నాక చప్పట్లు, ఆ చప్పట్లు సద్దుమణిగేలోపు నాలుగు తీర్మానాలు చదివేసి పాసయ్యాయనేవారు. వాళ్ళకు నేను ఎంత ఉపకారం చేశానో. నేను లేకపోతే జనం ఆ తీర్మానాలు వినేవారేమో.

కాసులమ్మకి ఇదంతా ఎప్పుడో తెలుసు. నా భార్య. నాతో వాదించేది కాదు. రేషను కార్డులో దాని పేరు తప్పు పడింది, సరిచేయించు అంటే నేను ఒక ఘాటైన ఉత్తరం రాశాను, ఎనిమిది నెలలు కదల్లేదు. ఒకరోజు కార్డు సరిగ్గా అచ్చయి ఇంట్లో బల్ల మీద కనబడింది. ఎవరు చేయించారు అంటే నేనే వెళ్ళేను అంది. అడగగానే చేశారా అంటే, “నీ పెళ్ళాన్నని సెప్పలేదు. ఎనక ఈదిలో ఉంటామని సెప్పేను” అంది. అది విని నేను నవ్వాను. గొప్పగా నవ్వాను. నా పేరు చెబితే ఆఫీసు వణుకుతుందన్నమాట అని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయిన మనిషి ఒక చిన్న పని కోసం నన్ను కాదని చెప్పుకోవాల్సి వచ్చిందే అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇవాళ పొద్దున నేను బయల్దేరుతుంటే గొడుగు చేతికిచ్చి, నా చొక్కా పై బొత్తాం పెట్టింది. అంతే.

మెట్ల దగ్గర స్కూటరు ఆగింది. సింహాచలం. రెయిన్‌కోటు విప్పి దులుపుకుంటూ వరండా ఎక్కాడు, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫైలు. నన్ను చూశాడు, మరిడమ్మను చూశాడు. నమస్కారం పెట్టబోయి, చెయ్యి సగంలో ఆపి, ఆ చేత్తోనే తల తుడుచుకున్నాడు. మనిషి చిక్కిపోయాడు. మామూలు రోజైతే, ఏం బాబూ కుర్చీ ఊడబెరుక్కుని వచ్చారా అని అని ఉండేవాణ్ణి. ఆ మాట నోటిదాకా రానే వచ్చింది, నాలుక చివర నిలబడింది, అలవాటు అంత చెడ్డది. మింగాను. అతను లోపలికి వెళ్ళిపోయాడు. మరిడమ్మ నాకేసి చూసింది, చూసి మళ్ళీ వానకేసి తిరిగింది. నేను మింగినట్టు ఆమెకి తెలిసింది.

గంగాభవాని గుర్తొస్తోంది. అంగన్‌వాడీ టీచరు. ప్రతి సోమవారం పంచాయతీ ఆఫీసుకు ఒక చిన్న కాగితం పట్టుకుని వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, పిలిచినప్పుడు లేచి, అదే సంగతి అదే గొంతుతో మళ్ళీ చెప్పేది. వంగి వంగి నడుం పట్టేసింది కాబోలు అనేవాణ్ణి నేను. రెండేళ్ళలో కేంద్రం ముందుకు కొళాయి వచ్చింది, పైకప్పు రేకులు వచ్చాయి, కాలవ మీద పలక వచ్చింది. నా నలభై ఒక్క అర్జీలకు వీధి దీపాలు వచ్చాయి. ఒకసారి ఆమే అంది, “నాను మెత్తగా అడుగుతాను బాబుగోరూ, కొళాయి ఇత్తారు. గానీ సిమెంటులో ఇసక ఎంత కలుపుతున్నారో నాను అడగలేను, అడిగితే ఆ కొళాయి కూడా రాదు. మీ గొంతుకి బయపడే ఆ కంట్రాక్టరు కూసింత తగ్గేడు” అని. ఆమె మాటల్లో సగమే విన్నాను. నాకు నచ్చిన సగం. జూన్‌లో పైపు సంగతి ఆమెకు చెప్పినప్పుడు, ఆ వివరం ఇలా ఇయ్యండి, సోమవారం నేను సింహాచలం గారికి చెబుతాను అంది. చెయ్యి కూడా చాచింది. నేను ఇవ్వలేదు. అడుక్కోవడం వేరు, నిలదియ్యడం వేరమ్మా అన్నాను. ఆ చాచిన చెయ్యి ఇప్పుడు నా కళ్ళ ముందే ఉంది, అరచేతిలో సుద్దముక్క పొడి ఉంది, ఆమె దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని చీరకు రాసుకుంది. ఆ సోమవారం జూన్ తొమ్మిది, నా అర్జీ పంచాయతీకి చేరిన రోజే. ఆమె చేతిలో ఆ కాగితం పెట్టి ఉంటే అది ఒక్క పేజీ ఉండేది. నలుగురు నవ్వేది అందులో ఏమీ ఉండేది కాదు.

పైపును నేనే చూశాను. పాత కల్వర్టు కింద, మురుగుకాలవలో, మంచినీళ్ళ పైపు జాయింటు ఊడిపోయి ఉంది. మోటారు వేసినంతసేపూ అందులోంచి నీళ్ళు కాలవలోకి చిమ్ముతున్నాయి. నేను కాసేపు అక్కడే ఉన్నాను. మోటారు ఆపాక చిమ్మడం ఆగింది, ఇంకాసేపటికి కాలవలో నల్లనీళ్ళు సుడి తిరుగుతూ ఆ జాయింటులోకే పోవడం మొదలైంది. ఒంటి మీద రోమాలు లేచాయి నాకు. భయంతో కాదు. దొరికిందని. ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళాను, దారిలోనే శీర్షిక కుదిరింది, కుంభకర్ణుల వారి కొలువుకు నలభై రెండవ మేలుకొలుపు. టీకొట్టు దగ్గర ఆగి వినిపించాను కూడా. బాగా పేలింది. కానీ నీళ్ళు కాచి తాగండి అని ఆ టీకొట్టు దగ్గర ఎవరికీ చెప్పలేదు. వీధిలో చెప్పలేదు. పక్కింట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పంచాయతీకి రాస్తున్నాను కదా, అది చాలదా అనుకున్నానా? అలా కూడా అనుకోలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు. నా బుర్రలో నీళ్ళు లేవు, కుంభకర్ణుడే ఉన్నాడు.

నా చేతికి రెండేళ్ళుగా వణుకు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ నా అర్జీలు సాపు రాసిపెట్టేది ఈశ్వరే. కోటవురట్ల పిల్ల, పది దాకా చదివింది, ముత్యాల్లాంటి రాత. కడుపుతో ఉంది, అయిదో నెల అప్పుడు, మా అరుగు మీద గోడకి చేరగిలబడి, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసేది. నేను చెబుతుంటే రాసింది, మొదటి పేజీ, రెండో పేజీ. మధ్యలో దాహంగా ఉందంటే కాసులమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. మా కొళాయి నీళ్ళు. తాగింది. నేను చూస్తూనే ఉన్నాను, తర్వాతి వాక్యం ఆలోచించుకుంటూ. మూడో పేజీ చివరకి వచ్చాక పెన్ను ఆపింది. “మావయ్యా, ఈ పైపు ఇసయం ముందు రాత్తే బాగుంటాది గదా? ఆలకి తొరగా తెలుత్తాది” అంది. పదో తరగతి చదివిన పిల్ల. పెళ్ళయి ఏడాది తిరగని పిల్ల. “ముందు ఈపు వాయించాల అమ్మా, అప్పుడు గానీ సెవి తెరుసుకోదు” అన్నాను. సరే మావయ్యా అంది. రాసింది.

జూలై చివర్లో కామెర్లు మొదలయ్యాయి. మొదట వెనక వీధిలో, తర్వాత మా వీధిలో. పసరు పోయించుకున్నారు, పథ్యం చేశారు, అందరికీ తగ్గుతోంది, ఈశ్వరికి ఎందుకు తగ్గదు అనుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ రకం కామెర్లు ప్రాణం మీదికి తెస్తాయని పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పేదాకా మాకెవరికీ తెలీదు. 108లో ఎక్కిస్తుంటే నేను వెనక తలుపు దగ్గరే ఉన్నాను. ఆ పిల్లకి అప్పటికే మతి తప్పుతోంది, నన్ను చూసి ఇంకెవరి పేరో పెట్టి పిలిచింది. నేను పలికాను. పలకాలి కదా. మూడో రోజున తల్లీ లేదు, ఏడో నెల బిడ్డా లేదు. ఆ తర్వాత ఎవరో కల్వర్టు కింద తవ్వి చూసి, అదుగో అన్నారు. నేను అప్పుడే రాశానని అరిచాను నడివీధిలో. ముద్ర వేసిన కాపీ తెచ్చి ఊపుతూ అరిచాను. నేను చెప్పానా లేదా, నేను చెప్పానా లేదా! జనం నాకేసి చూశారు. మరిడమ్మ గుమ్మంలో కూర్చుని నాకేసి చూసింది. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

“త్రినాధరావు గారు, మరిడమ్మ గారు” అని అటెండరు పిలిచాడు.

హాల్లో పొడుగాటి బల్ల. దాని వెనక మేడం, నలభై దాటని మనిషి, కళ్ళజోడు, అలసిన ముఖం. ఒక పక్క ఇద్దరు గుమస్తాలు రాసుకోవడానికి. ఎదురుగా సింహాచలం. అప్పలరమణ ఎప్పుడు వచ్చాడో వచ్చి తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మేడం ముందు మరిడమ్మను అడిగారు. మరిడమ్మ చెప్పింది. ఎప్పుడు జ్వరం వచ్చింది, ఎప్పుడు కళ్ళు పచ్చబడ్డాయి, ఎప్పుడు వాంతులు, ఆసుపత్రిలో ఏ రోజు ఏమైంది. ఏడవలేదు, ఒక్క తిట్టు లేదు, ఒక మాట ఎక్కువ లేదు. గుమస్తాల పెన్నులు ఆగకుండా నడిచాయి. నేను సంచిని రెండు చేతులతో పట్టుకుని వింటున్నాను. పదకొండు పేజీల్లో నేను రాయలేనిది ఆమె పది నిమిషాల్లో చెప్పేసింది. తర్వాత మేడం సింహాచలం వైపు తిరిగి, ఈ పైపు గురించి ముందుగా ఎవరైనా ఫిర్యాదు చేశారా అని అడిగారు.

“మా దృష్టికి రాలేదు మేడం.”

ఎంత చక్కటి వాక్యాలు వచ్చాయో ఆ ఒక్క క్షణంలో, దృష్టి గురించి, కళ్ళజోళ్ళ గురించి, గాంధారి గురించి. మరిడమ్మ తల తిప్పి నాకేసి చూసింది. మాట్లాడకు అన్న మనిషే చూసింది. లేచాను. కొత్త పదకొండు పేజీలను సంచిలోనే వదిలేసి, పాత అర్జీ ముద్ర పడ్డ కాపీ తీసి బల్ల మీద పెట్టి పక్కకు జరిగాను. మేడం చదవడం మొదలుపెట్టారు. నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. రెండో పేరాకి ఆమె పెదవి చివర కొద్దిగా వంగింది. పక్క గుమస్తా మెడ సాచి చూశాడు, అతని పెదవి కూడా. కుర్చీ చిగుళ్ళ దగ్గరికి వచ్చి ఉంటారు. చదివేవాళ్ళ ముఖంలో ఆ వంపు కోసమే కదా నేను బతికింది. ఇవాళ అది చూస్తే నిలువునా చచ్చిపోతున్నట్టుంది.

“మూడో పేజీ మేడం. అడుగున” అన్నాను.

ఆమె పేజీలు తిప్పారు. వంపు పోయింది. కళ్ళజోడు సరిచేసుకుని, పైకి చదివారు. పాత కల్వర్టు కింద మురుగుకాలవలో మంచినీటి పైపు జాయింటు ఊడి ఉన్నది. మోటారు ఆపిన తర్వాత కాలవ నీళ్ళు పైపులోకి పోవుచున్నవి. నేను స్వయంగా చూచితిని. మూడే వాక్యాలు. చదవడానికి పావు నిమిషం పట్టలేదు. కింద తేదీ, జూన్ తొమ్మిది, పంచాయతీ ముద్ర, సింహాచలం పొట్టి సంతకం. మేడం సింహాచలాన్ని చూశారు. అతనే లేచాడు.

“కాయితం నానే తీసుకున్నాను మేడం. అబద్దం ఆడేను, తప్పే. మొదటి పేజీ ఆఫీసులో అందరికీ సదివి వినిపించేను. నవ్వుకున్నాం. ఇంతలో టీ వచ్చింది, తరవాత మీటింగుకి పిలుపొచ్చింది. మూడో పేజీ తిప్పలేదు మేడం.”

“ఎందుకు తిప్పలేదు?”

“ఎప్పుడూ అలాగే ఉంటాయి మేడం. మమ్మల్ని తిట్టడమే కదా అనుకున్నాను.”

ఈ మనిషి తల వంచుకుని నిలబడితే చూడాలని ఎన్నేళ్ళు అనుకున్నానో. నిలబడ్డాడు. అతని మెడ వెనక వాన నీరు ఇంకా ఆరలేదు. అతను చెప్పింది నిజం, నాకంటే బాగా ఎవరికి తెలుసు. చదవడం అతని పని, జీతం తీసుకునే పని, ఆ తప్పు అతనిదే, దాన్ని నేను మోయను. కానీ చదవబుద్ధి పుట్టకుండా రాసింది నేను. మేడం నావైపు తిరిగారు. కోపం లేదు, నింద లేదు, రాసుకోవడానికి అవసరం కాబట్టి అడుగుతున్నట్టు అడిగారు.

“ఈ మూడు వాక్యాలు మొదటి పేజీలో ఎందుకు రాయలేదండీ?”

“రాయాల్సింది మేడం” అన్నాను. మళ్ళీ చెప్పాను, “రాయాల్సింది. సాపు రాసిన పిల్ల అదే అంది. నాను ఇనలేదు.”

“ఎవరా పిల్ల?”

నా వెనక నుంచి మరిడమ్మ అంది, “నా కోడలేనమ్మా. ఆ రాత దానిదే.”

మేడం ఆ పేజీకేసి చాలాసేపు చూశారు. పెన్ను పట్టుకున్న గుమస్తా రాయడం ఆపేశాడు. తలుపు దగ్గర అప్పలరమణ గోడకి తిరిగి నిలబడ్డాడు. మేడం ఆ లైన్లో నీళ్ళు ఇవాళే ఆపమన్నారు, పైపు కాలవ పైనుంచి వేసేదాకా ట్యాంకర్లు పెట్టమన్నారు, సింహాచలం మీద రిపోర్టు పంపుతానన్నారు, మరిడమ్మ కుటుంబానికి సాయం కోసం రాస్తానన్నారు. నన్ను అడిగి కాపీని ఫైల్లో పెట్టుకున్నారు. పదేళ్ళలో నేను అడిగిన ఏ పనీ ఇంత తొందరగా జరగలేదు.

బయట వాన తగ్గింది. అప్పలరమణ రెండో షిఫ్టుకు కంపెనీ బస్సు అందుకోవాలి, తల్లిని ఆటో ఎక్కించమని ఎవరికి చెప్పాలో తెలీక నిలబడ్డాడు. నాను తీసుకెల్తాను అన్నాను. నాకేసి చూడకుండానే తలూపాడు. వెళ్ళిపోయాడు. మేమిద్దరం రోడ్డు మీదికి వచ్చి షెడ్డు కింద నిలబడ్డాం. చెరుకు లారీ ఒకటి బురద చిమ్ముకుంటూ పోయింది. మరిడమ్మ కొంగు నెత్తిన వేసుకుంది.

“అన్నా, ఆ మూడో కాయితంలో పైపు సంగతి ఉన్నాదన్నారు. ముందు రెండు కాయితాల్లో ఏటున్నాది?”

“ఏటీ లేదు మరిడమ్మా.”

“ఏటీ లేకపోటమేటి? ఆ రోజు ఇంటికొచ్చి నాకు సెప్పబోతా ఒకటే నవ్వు అది. వంట సేసుకుంటా నవ్వింది, అన్నం తింటా నవ్వింది. ఏటే అంటే, మావయ్య రాయించేడత్తా, రేపు సెప్తాను, ఇప్పుడు నవ్వొచ్చేత్తన్నాది అంది. మరి సెప్పలేదు.”

నేను రోడ్డుకేసి చూస్తున్నాను. రోడ్డు కనబడ్డం లేదు. ఆ రెండు పేజీలూ నాకు కంఠతా వచ్చు, అక్షరం పొల్లు పోకుండా. ఒక్క వాక్యం కూడా నోటికి రాలేదు. నా భుజం అదురుతోంటే మరిడమ్మ చూసింది. కొంచెం దగ్గరికి జరిగింది.

“పోన్లే అన్నా” అంది. “నవ్వింది గదా.”